బోర్లించిన చేట

కార్తీకం 3. మిగిలినవి 9.

ఈ పుస్తకం నా సొంతం. ఆఫీసు పుస్తకంలో ప్రశ్నకో గడి, జవాబుకో గడి ఉన్నాయి గానీ రాసే మనిషి కోపానికి గడి లేదు. నాకు కోపం ఎక్కువ. అందుకే ఇది పెట్టుకున్నాను.

పొద్దున్నే బిందె పట్టుకుని మెట్లు దిగాను. మా పదమూడో స్తంభంలో కింది మూడు అంతస్తులూ సముద్రంలోనే ఉన్నాయి కాబట్టి నాలుగో అంతస్తే మాకు నేల. అక్కడి కుళాయి దగ్గర మనిషికి రోజుకో బిందె. వరసలో నా ముందు నిలబడ్డ ఎదురింటి సూరీడమ్మగారు, "ఎన్ని మిగిలాయమ్మా హైమా?" అని అడిగారు. తొమ్మిదన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ అంకె వరస చివరిదాకా పాకింది. నేనేదో ఘనకార్యం చేస్తున్నట్టు అందరూ తప్పుకుని నా బిందె ముందు పెట్టించారు. నేనూ సిగ్గు లేకుండా నింపుకుని వచ్చేశాను.

నా పని ఇది. కొండల్లో వెలగలోవ అని నలభై గడపల ఊరుంది. ఆ లోవకి అడ్డంగా ఆనకట్ట కడితే మా నగరంలో మనిషికి మూడు బిందెలు వస్తాయట. కాకపోతే చట్టం ఒకటుంది. ఏ ఊరినైనా ముంచే ముందు ఆ ఊరి బతుకంతా నమోదు చేయాలి. విత్తనం ఎలా చల్లుతారు, పిల్లకి పేరెలా పెడతారు, చచ్చినవాళ్లని ఎటు తలపెట్టి పడుకోబెడతారు, ఇలా నాలుగు వందల పన్నెండు ప్రశ్నలు. అన్నీ నిండితే ఊరు పుస్తకంలో భద్రంగా ఉన్నట్టు, ఇక మునిగినా ఫరవాలేదన్నట్టు. నేను వెలగలోవకి నమోదుదారుని. రోజూ పదింటికి తెర ముందు కూర్చుంటాను. అటువైపు పల్లాల సింగమ్మ కూర్చుంటుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఊరికి పెద్ద. రెండేళ్ల రెండు నెలలుగా ఆమె చెబుతోంది, నేను రాస్తున్నాను.

గళ్లన్నీ నిండితే ఏమవుతుందో ఆమెకు చెప్పకూడదని నా నియామక పత్రంలోనే ఉంది. నేను చెప్పలేదు.

ఇవాళ నాలుగు వందల నాలుగో ప్రశ్న, పొలిమేర దాటేవాళ్లని ఎలా సాగనంపుతారని. గంటసేపు చెప్పింది. చివర్లో నన్ను తేరిపార చూసి, మందులు తెచ్చే తూనీగ విమానం వెనక్కి ఖాళీగానే ఎగురుతుంది కదా, అందులో నాలుగు చేదుదుంపలు వేసి పంపుతానంది. నా మెడ ఎముకలు కనిపిస్తున్నాయట.

కార్తీకం 9. మిగిలినవి 6.

దుంపలు వచ్చాయి. మట్టి వాసన వేస్తూ, నా పిడికిలంత ఉన్నాయి. మా స్తంభంలో పుట్టి పెరిగిన ఏ వస్తువుకీ ఆ వాసన ఉండదు. కాసేపు వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

వంటకి పుస్తకం ఎలాగూ ఉంది. నూట ఎనభై ఏడో ప్రశ్న: చేదుదుంపను తినేందుకు ఎలా సిద్ధం చేస్తారు? జవాబు నేను రాసిందే. పెద్ద ముక్కలు కోసి, చింతపండూ బెల్లమూ వేసి ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోయాలి. అరబిందె నీళ్లు ఖర్చు పెట్టాను. సూరీడమ్మగారిని కూడా పిలిచాను.

నోట్లో పెట్టుకున్నాక ఇద్దరం కిటికీ దగ్గరికి పరుగెత్తాం. చేదంటే అలాంటిలాంటి చేదు కాదు, నాలుక మొద్దుబారిపోయింది. పుక్కిలించడానికి ఆవిడ తన సాయంత్రపు నీళ్లు కూడా ఖర్చు పెట్టేసి, రేపటిదాకా నా మొహం చూపించొద్దని వెళ్లిపోయారు. మిగిలిన దుంపలు బల్లకింద ఉన్నాయి. రాసేటప్పుడు ఎక్కడ పొరబడ్డానో అని జవాబుని పదిసార్లు విన్నాను. ఒక్క మాట కూడా తేడా లేదు.

కార్తీకం 10. మిగిలినవి 6.

సంగతి చెబితే సింగమ్మ అవ్వ దగ్గు వచ్చేదాకా నవ్వింది. సన్నగా చెక్కు తీసి, బుట్టలో వేసి, పారే ఏట్లో మూడు రోజులు ఉంచందే ఆ దుంప జోలికి కోతి కూడా పోదట. చింతపండు పెట్టమని నీకు చెప్పిందెవరే అని అడిగింది.

మీరే చెప్పారన్నాను. పోయిన చైత్రంలో, నూట ఎనభై ఏడో ప్రశ్నకి.

ఆమె నవ్వు ఆగిపోయింది. "సైత్రంలో దుంప మాట ఎవరడుగుతారే? అప్పుడు సేట బోర్లించే ఉంటాను. సూడలేదా?"

ఏ చేట అని అడిగాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. తర్వాత ఆమె చెప్పింది ఇది. వాళ్లు మామిడి కొత్త పండగ చేసేదాకా కొత్త మామిడికాయ ఎవరూ కొరకరు. తిండికి ఉన్న పద్ధతే మాటకీ ఉంది. దుంప మాట దుంపల కాలంలో, విత్తనం మాట విత్తనాల కాలంలో చెప్పాలి. రుతువు రాకముందు నోటపడిన పంట చేతికి రాదని వాళ్ల నమ్మకం. మరి ఇంటికొచ్చిన చుట్టం ముందే అడిగితే? చుట్టానికి లేదనకూడదు. అందుకని ముందర చేట బోర్లించి ఏదో ఒకటి చెబుతారు. ఆ చేట చూడగానే ఇది ఉత్తుత్తి జవాబని చుట్టానికి తెలిసిపోతుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. ఎవరి మర్యాదా చెడదు. చెప్పేది కూడా ఎవరికీ కీడు చేయని అబద్ధమే, గొంతు దిగని దుంపలాంటిది.

"కొండమీద సంటిపిల్లలకి కూడా ఎరికే" అంది. "నీకూ ఎరికే అనుకున్నాను. అడిగినప్పుడల్లా నవ్వేదానివి గదా."

నవ్వేదాన్ని. ఆమె నవ్వుతోందని నవ్వేదాన్ని.

మధ్యాహ్నం మొదటి వారం దృశ్యాలు తీసి చూశాను. ఆ వారంలో తెర మీద గుమ్మం, నేల, ఆమె మోకాళ్లు, అన్నీ కనిపిస్తున్నాయి. ఆమె ముందు వెదురు చేట ఉంది. ఒకసారి వెల్లకిలా, ఒకసారి బోర్లా. పదకొండు జవాబుల్లో ఏడు బోర్లించిన చేట మీదే. ఏడో రోజు నా గొంతు వినిపించింది. మొహం మాత్రమే కనిపించాలని ఆఫీసు నియమం మరి. "అవ్వా, కెమెరా కాస్త పైకి జరపండి, కింద చెత్తంతా కనిపిస్తోంది" అంటున్నాను. ఎంత తీయగా అన్నానో. తర్వాత రెండేళ్ల పాటు మెడ నుంచి పైకే.

చెత్త అన్నాను. తల కొట్టేసినట్టయింది.

కార్తీకం 12. మిగిలినవి 5.

మా ముఖ్య అధికారి దక్షిణామూర్తిగారి దగ్గరికి వెళ్లాను. నాలుగు వందల ఏడు జవాబుల్లో సగానికి పైగా మర్యాదకి చెప్పినవేననీ, ఏవి ఏవో నాకు తెలియదనీ, కెమెరా నేనే పైకి జరిపించాననీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరు మాట్లాడినా శ్రద్ధగా విని, తను అనుకున్నదే చేస్తారు.

"చట్టంలో నిజం అనే మాట ఎక్కడా లేదండీ హైమవతిగారూ" అన్నారు. "నమోదు అనే ఉంది. గడి నిండిందా లేదా, అంతే."

మార్గశిరం అయిదున ముగింపు సభట. చివరి ప్రశ్న సభలోనే అడగాలి, నేను సంతకం పెట్టాలి. నేను పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. అప్పుడు నా ఉద్యోగమూ, దానితో పాటు ఈ ఆరో అంతస్తు గదీ పోతాయి. మా స్తంభం కింద మంచినీళ్ల గొట్టం పగిలి పదకొండు నెలలైంది, ముందు అది అతికించవచ్చు కదా అన్నాను. అది వేరే శాఖ అన్నారు. ఒళ్లు మండింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. ఈ ఉద్యోగంలో చేరాక ఎవరూ చేయని పని అది. తొమ్మిదో నిబంధన ప్రకారం ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే రెండో జవాబే చెల్లుతుంది. అక్షరదోషాలు దిద్దుకోవడానికి మా ఆఫీసే పెట్టుకున్న వెసులుబాటు. పదకొండో నిబంధన ఇంకా బాగుంది. ఊరి పెద్ద మౌనంగా ఉంటే ఆఫీసు ఏదో ఒకటి రాసి గడి నింపుకోవచ్చు. కానీ నోరు తెరిచి చెప్పనంటే ఆ గడి ఖాళీ కిందే లెక్క. అంటే అబద్ధం చెల్లుతుంది, మౌనం చెల్లుతుంది, చెప్పను అన్న మాట ఒక్కటే చెల్లదు. ఇప్పటిదాకా ఏ ఊరూ ఆ మాట అనలేదు.

కార్తీకం 13. మిగిలినవి 5.

అవ్వకి అంతా చెప్పేశాను. ఆనకట్ట, నాలుగు వందల పన్నెండు, ముగింపు సభ. నియామక పత్రం సంగతి కూడా.

లోవలో రాళ్లు పాతి, సున్నం పూసి వెళ్లిన మనుషుల్ని ఆమె ఎరుగును. నీళ్లు వస్తాయని ఊళ్లో అనుకుంటూనే ఉన్నారు. తన మాటలే ఆ నీళ్లకి దారి తవ్వుతున్నాయని మాత్రం తెలియదు.

"రెండేళ్లు నా నోటితోనే నా ఊరు ముంచావన్నమాట" అంది. కోపంగా అనలేదు. అంటే బాగుండేది. తెర ఆరిపోయింది.

కార్తీకం 17. మిగిలినవి 0 అంటోంది ఆఫీసు.

మూడు రోజులు అవ్వ రాలేదు. నేను రోజూ పదింటికి కూర్చుని ఆరిపోయిన తెర చూశాను. ఆమె మౌనంగా ఉందని ఆఫీసు మిగిలిన నాలుగు గళ్లనీ పాత మాటల్లోంచి ఏరి నింపేసింది. సభలో అడగాల్సిన చివరి ప్రశ్న తప్ప ఇంకేమీ లేదు, దాన్ని వాళ్లు లెక్కలోకి కూడా తీసుకోలేదు.

ఇవాళ తెర వెలిగింది. కెమెరా ఆమె తనే కిందికి దించుకుంది. గుమ్మం, మోకాళ్లు, వెల్లకిలా చేట, అన్నీ కనిపించాయి. పలకరింపులు లేకుండా దారేమైనా ఉందా అని అడిగింది. నేను తొమ్మిది, పదకొండు నిబంధనలు చెప్పాను. సభలో అందరి ముందూ మొదటి నుంచీ మళ్లీ అడుగుతాను, ఒక్కో ప్రశ్నకీ మీరు చెప్పను అనాలి, అంతే అన్నాను.

నాకది అంతేలా అనిపించింది. ఆమె చేట అంచు నిమిరింది. తన తల్లి గానీ, తల్లి తల్లి గానీ వచ్చి అడిగినవాళ్లకి ఆ మాట అనలేదట. కరువొచ్చిన ఏడాది గంజి అడిగినవాడికి కూడా లేదనలేదట. ఖాళీ కుండ బోర్లించి చూపించి, పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పారట.

"ఊరు నిలబెట్టుకోవడానికి ఊరి మర్యాద తీసేసుకుంటే ఏటి మిగులుద్ది పిల్లా?" అంది. "నా నోటికి ఆ మాట రాదే."

నేను వాదించాను. గట్టిగానే వాదించాను. మర్యాద నీళ్లలో మునిగాక ఎవరికి చూపిస్తారని కూడా అన్నాను. ఆమె ఆలోచిస్తానని చెప్పి లేచిపోయింది. నాకు ఆమె మీదా కోపం వచ్చింది, రాయకుండా ఎందుకు దాచాలి?

మార్గశిరం 5.

సభ రెండో స్తంభం పైకప్పు మీద. రెండు వందల మంది వచ్చారు. నీళ్ల వరసల తరఫున స్తంభానికి ఒకరిని పిలిచారు, మా తరఫున సూరీడమ్మగారు పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు. పెద్ద తెర మీద అవ్వ మొహం ఇంటి గోడంత ఉంది. ఆఫీసువాళ్లు ముందే ఆమెతో మాట్లాడి కెమెరా పైకి జరిపించారు. ఆమె ఏం నిర్ణయించుకుందో నాకు తెలియదు. గళ్లు నిండాయి, ఇక మాటలెందుకని పద్దెనిమిది రోజులుగా ఆఫీసు నన్ను ఆమెతో మాట్లాడనివ్వలేదు.

దక్షిణామూర్తిగారు లేచి చేతులు జోడించారు. "అమ్మా, రెండేళ్లుగా మేమంతా మీ ఇంటి అతిథులం. అడిగిందల్లా కాదనకుండా చెప్పారు. ఇంకొక్క ప్రశ్న మిగిలింది" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగేదాకా అవ్వ ఆగింది.

"సుట్టమంటే గుమ్మం ముందు కాళ్లు కడుక్కుని లోపలికొచ్చేవోడు బాబూ" అంది. "నా అరుగు మీద కూకుని నా గంజి తాగేవోడు. ఈ అద్దంలో తలకాయ కనపడినంత మాత్రాన సుట్టమవుతావా? నువ్వు నా గడప తొక్కలేదు. పద్దెనిమిది రోజులు ఇదే ఆలోసించాను. నా ఇంటికి ఎవరూ రాలేదు. ఎవరికీ నేను మర్యాద బాకీ లేను."

తర్వాత ఆ పెద్ద కళ్లు నన్ను వెతికాయి. "నువ్వూ తొక్కలేదు పిల్లా. అడుగు."

ఆ మాట నాకు తగిలింది. రెండేళ్ల రెండు నెలలు ఆమె చనువుని నేను చుట్టరికం అనుకున్నాను. నిబంధనల పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టి, తొమ్మిదో నిబంధన పైకి చదివి, మొదటి ప్రశ్న అడిగాను. మీ ఊరికి ఆ పేరెలా వచ్చింది?

"సెప్పను."

రాశాను. రెండో ప్రశ్న అడిగాను.

"సెప్పను."

దక్షిణామూర్తిగారు నా దగ్గరికి వచ్చి, ఏం చేస్తున్నారండీ అని మెల్లిగా అడిగారు. నమోదు చేస్తున్నానండీ అన్నాను. మైకు తీయించబోయారు. సభ ముందు మొదలైన నమోదు చివరి ప్రశ్నదాకా ఆపకూడదని పన్నెండో నిబంధన. ఆ పేజీ ఆయన వైపు తిప్పి పెట్టాను. ఆయన శ్రద్ధగా చదివారు. చదివి, తన కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు. పాపం, ఆ పుస్తకం రాసినవాళ్లలో ఆయనా ఒకరు.

ముప్పయ్యో ప్రశ్న వచ్చేసరికి సభలో గోల మొదలైంది. మా నీళ్లు మాకు కావాలని ఎవరో అరిచారు. అది అబద్ధపు కోపం కాదు. నాకూ రోజుకి ఒక్క బిందే. అయినా అడుగుతూ పోయాను. డెబ్బై దాటాక తెర అవతలి నుంచి ఇంకో గొంతు కలిసింది, తర్వాత ఇంకొకటి. నూరో ప్రశ్నకి వెలగలోవ నలభై గడపలూ అవ్వ గుమ్మం ముందు చేరాయని వినికిడిలోనే తెలిసింది. పేరు పెట్టే పద్ధతి అడిగాను. పెళ్లిలో ముందు పాడే పాట అడిగాను. చచ్చినవాళ్లని ఎటు తలపెట్టి పడుకోబెడతారని అడిగాను. అన్నిటికీ ఒకే జవాబు. ఒక్కో జవాబుకీ ఆఫీసు తెర మీద ఒక్కో గడి ఖాళీ అవుతూ వచ్చింది.

నూట ఎనభై ఏడో ప్రశ్న దగ్గర అవ్వ నవ్వింది. నవ్వుతూనే చెప్పనంది.

రెండు వందలు దాటాక నా గొంతు ఎండిపోయి మాట తడబడింది. మొదటి వరసలోంచి సూరీడమ్మగారు లేచారు. తిట్టడానికే వస్తున్నారనుకున్నాను. తిట్టారు కూడా, మూడు బిందెల నీళ్లు మట్టిలో కలిపావని, నీ మొహం మండ అని. తిడుతూనే తన సీసా మూత తీసి బల్ల మీద పెట్టారు. "తాగి తగలడు, నీ గొంతు వినలేక చస్తున్నాం. ఇది అయ్యాక ఆ పగిలిన గొట్టం సంగతి చూద్దాం. రేపట్నుంచి వరసలో అందరినీ తీసుకొస్తా." మళ్లీ వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. సగం తాగాను.

గంటన్నర పట్టింది. సభలో సగం మంది వెళ్లిపోయారు. దక్షిణామూర్తిగారు కదలకుండా కూర్చున్నారు. నాలుగు వందల పదకొండో ప్రశ్నకి అవ్వ గొంతు బొంగురుపోయింది, అయినా చెప్పనంది. తెర మీద గళ్లన్నీ ఖాళీ. ఇక చివరిది. ప్రతి ఊరి నమోదు చివరా అడిగేది, జవాబు ఏదో అందరికీ ముందే తెలిసినట్టు ఎవరూ వినిపించుకోనిది.

"ఈ జవాబులన్నీ మీ ఇష్టప్రకారమే ఇచ్చారా?"

వెనకనున్న గొంతులు అలవాటుగా అందుకోబోతే అవ్వ చెయ్యెత్తి ఆపింది. మొదటిసారి సూటిగా సభ మొత్తాన్ని చూసింది.

"ఔను" అంది. "ఇయ్యన్నీ నా ఇష్టపెకారమే."

రాసి, కింద సంతకం పెట్టాను.